జీవితంలో ఒక్కసారే వెళ్ళగలిగితే ఏ ఆకాశం కిందికి వెళ్ళాలి: సంపూర్ణ సూర్యగ్రహణమా, అరోరానా, హాన్లే చీకటా?

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం చంద్రుడి నీడ నల్గొండ జిల్లాలోని మా ఊరి మీదుగా వెళ్ళింది. అప్పటికి నాకు పదేళ్ళు. మా అమ్మ పొద్దున్నే వంట ముగించి, ఆవకాయ జాడీల మీద, పాలగిన్నె మీద, బియ్యం డబ్బా మీద దర్భలు వేసి, కిటికీ రెక్కలు మూసి, వాటి సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. పంచలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం పట్టినంతసేపూ అది పడకుండా నిలబడుతుందని, విడవగానే ఒరిగిపోతుందని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. నాలుగు గంటలకు కాస్త ముందు గదిలో చీకటి చిక్కబడటం, ఇంటి వెనక చింతచెట్టు మీదికి కాకులు గోలగా చేరుకోవటం నాకిప్పటికీ గుర్తుంది. ఆ చీకటి రెండు నిమిషాల పైచిలుకు ఉంది. తలుపు తీసి నాలుగడుగులు వేసి ఉంటే నేను చూడగలిగేది ఏమిటో తెలుసుకోవటానికి నాకు మరో 44 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యకాలంలో నేను లదాఖ్‌లోని హాన్లేలో పాలపుంతను, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో నార్తర్న్ లైట్స్ అని మనవాళ్ళు పిలిచే అరోరాను (ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కదలాడే రంగుల కాంతిని), 2024 ఏప్రిల్ 8న టెక్సస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూశాను. ఈ మూడింటిలో దేనికి సెలవు, డబ్బు, ఓపిక ఖర్చు పెట్టాలని బంధువులు, స్నేహితులు అడుగుతూనే ఉంటారు. మూడూ ఆకాశంలో కనిపించేవే అయినా అవి మన నుంచి అడిగేవి, మనకు ఇచ్చేవి ఒకదానితో ఒకటి పోలవు. అందువల్ల "అన్నీ గొప్పవే" అనే జవాబు అడిగినవారికి ఉపయోగపడదు.

నా నిర్ణయం ముందే చెబుతాను. జీవితంలో ఒక్కదానికే వీలుంటే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఎంచుకోవాలి. రెండోదానికి కూడా వీలుంటే అరోరాకు వెళ్ళాలి. నిజంగా చీకటిగా ఉన్న ఆకాశాన్ని మాత్రం ఈ రెండింటితో పోటీకి నిలబెట్టనక్కర్లేదు, ఈ రెండింటికంటే ముందే చూసి రావాలి. అయితే వయసు, ఆరోగ్యం, వీసా, బంధువులు ఉన్న ఊరు అనే నాలుగు విషయాలను బట్టి ఈ క్రమం మారవచ్చు. అది ఎక్కడ ఎలా మారుతుందో చెప్పటానికే ఈ వ్యాసం.

గ్రహణం: 99 శాతం చాలదు

గ్రహణం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట "మేమూ చూశాంలెండి, మా ఊళ్ళో తొంభై శాతం పట్టింది" అన్నది. పాక్షిక గ్రహణం చూసి, సంపూర్ణ గ్రహణాన్ని కూడా దాదాపు చూసినట్టే అనుకోవటం ఈ విషయంలో మనం చేసే అతి పెద్ద పొరపాటు. సూర్యుడి వెలుగు నిండు పున్నమి చంద్రుడి వెలుగుకు దాదాపు 4 లక్షల రెట్లు. అంటే 99 శాతం మూసుకుపోయినా, మిగిలిన ఆ ఒక్క శాతం వేల పున్నముల వెలుగుకు సమానం. అప్పుడు ఎండ పలచబడుతుంది, చెట్ల కింద ఆకుల సందుల నుంచి పడే వెలుగు చుక్కలు నెలవంకల్లా మారతాయి, గాలి కొద్దిగా చల్లబడుతుంది, అంతటితో ఆగుతుంది. సూర్యుడి చుట్టూ ఎప్పుడూ ఉండే, ఎప్పుడూ కనిపించని కరోనా అనే తెల్లని కాంతివలయం సుమారు పున్నమి చంద్రుడంత వెలుగుతోనే ఉంటుంది కనుక, ఆ చివరి ఒక్క శాతం కూడా మూసుకుంటే తప్ప అది బయటపడదు. 99కీ 100కీ మధ్య ఉన్నది పగటికీ రాత్రికీ మధ్య ఉన్న తేడా.

మా తమ్ముడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. ఆ రోజు పొద్దున్నంతా మబ్బులు కమ్ముకుని ఉండటంతో మేమందరం దిగులు పడ్డాం. సమయం దగ్గరపడేకొద్దీ అవి పలచబడి, మధ్యాహ్నం ఒంటిగంట నలభై ప్రాంతంలో సూర్యుడి చివరి అంచు ఒక్క వజ్రపు పొడిలా మెరిసి ఆరిపోయే వేళకు, మా పెరటి మీద ఆకాశం చాలినంత తేటగా ఉంది. కళ్ళద్దాలు తీసిన తరువాత కనిపించినదాన్ని ఫోటోల్లో చూసినదానితో పోల్చలేను. ఫోటోలో అది ఒక వలయం. అక్కడ మాత్రం ఆకాశానికి నడిమధ్యన, కాటుక కంటే నల్లని బిళ్ళ చుట్టూ, తెల్లని దూది రేకులు విప్పుకున్నట్టు అన్ని దిక్కులకూ పాకిన వెలుగు. బిళ్ళ కింది అంచున గులాబీ రంగు చుక్క ఒకటి మామూలు కంటికే స్పష్టంగా కనిపించింది. సూర్యుడి ఉపరితలం మీది నుంచి లేచిన వాయుజ్వాల అది. పక్కన శుక్రుడు, మరో పక్కన బృహస్పతి. చుట్టూ నాలుగు దిక్కులా అంచున సంధ్యాకాంతి. వీధి దీపాలు వాటంతట అవే వెలిగాయి, పక్షులు చెట్ల వైపు మళ్ళాయి.

మా అమ్మకు అప్పటికి 75 ఏళ్ళు దాటాయి. గ్రహణం చూడనని వారం రోజులుగా పట్టుబట్టిన మనిషి, చివరికి పెరట్లో కుర్చీ వేయించుకుని, తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. చీకటి పడిన మూడున్నర నిమిషాలూ ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. వెలుగు తిరిగి రాగానే "విడుపు ఎన్నింటికిరా?" అని అడిగింది. విడుపు దాకా అక్కడే ఉండి, లోపలికి వెళ్ళి తలారా స్నానం చేసి వచ్చి, "ఆనాడు కూడా ఇలాగే ఉండిందా?" అని నన్ను అడిగింది. ఇలాగే ఉండి ఉంటుందని చెప్పాను. అది ఊరడింపు కోసం చెప్పిన మాట కాదు. సూర్యుడి మీద కల్లోలం సుమారు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గుతుంది, కరోనా ఆకారం కూడా దాని ప్రకారమే మారుతుంది. కల్లోలం హెచ్చుగా ఉన్నప్పుడు అది అన్ని వైపులా పువ్వులా విచ్చుకుంటుంది, తగ్గినప్పుడు రెండు పక్కలకే సాగుతుంది. 1980, 2024 రెండూ ఆ చక్రంలో శిఖర దశకు చెందిన సంవత్సరాలే. ఆ రెండింటికీ మధ్య నాలుగు పూర్తి చక్రాలు గడిచాయి.

భూమి మీద ఏదైనా ఒక చోటికి సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్ళకోసారి వస్తుంది. ఇంట్లో కూర్చుని ఎదురు చూస్తే దొరికేది కాదు, వెతుక్కుంటూ వెళ్ళవలసిందే. ఈ సంగతి మన నేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18నాటి గ్రహణం కోసం పియెర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి గుంటూరు దాకా వచ్చాడు. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరికరాలు అమర్చుకున్నారు. ఆ గ్రహణంతో మొదలైన పరిశీలనలే సూర్యుడిలో హీలియం అనే మూలకం ఉందని తెలియటానికి దారితీశాయి. 1980లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల కూడా నీడ దారిలోనే పడింది. అక్కడ శాస్త్రవేత్తలు దుర్భిణులు గురిపెట్టిన ఆ నిమిషాల్లోనే మేము ఎంతో దూరంలో లేని ఊళ్ళో కిటికీ సందులు మూసుకుని కూర్చున్నాం.

రాబోయే గ్రహణాల్లో ఏది?

2027 ఆగస్టు 2, సోమవారం నాటి గ్రహణం దక్షిణ స్పెయిన్ నుంచి మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియాల మీదుగా ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సొమాలియాల దాకా వెళుతుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర సంపూర్ణ దశ 6 నిమిషాల 20 సెకన్లకు పైగా ఉంటుంది. ఆగస్టులో అక్కడ మేఘం కనపడటమే అరుదు. అయితే నడినెత్తి మీది సూర్యుడు, 40 డిగ్రీలు దాటే ఎండ. గుండె జబ్బు ఉన్నవారిని, చిన్న పిల్లలను, ఎండకు తాళలేని పెద్దలను ఆ ఎడారిలో గంటన్నర పాటు పాక్షిక దశ గడిచేదాకా నిలబెట్టటం మంచిది కాదు. నీడ పట్టు, నీళ్ళు, పక్కనే చల్లటి గది ఉండేలా బస చూసుకోగలిగినవారికి మాత్రం ఇది అన్నిటికంటే నమ్మకమైన గ్రహణం.

దీనికే సంబంధించి, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. జెడ్డా, మక్కా రెండూ నీడ దారిలో ఉన్నాయి. జెడ్డాలో సంపూర్ణ దశ 6 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ ఇకామా (నివాస అనుమతి) మీద పనిచేసుకుంటున్న కరీంనగర్, నిజామాబాద్, కడప మనిషికి విమానం టికెట్టూ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, హోటలూ అక్కర్లేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒక పూట సెలవు పెట్టి డాబా ఎక్కితే చాలు. రియాద్‌లో, దుబాయ్‌లో, కువైట్‌లో ఉన్నవారికి కనిపించేది పాక్షికమే కనుక, రియాద్‌లో ఉన్నవారు అంతకుముందు రోజే జెడ్డాకు బయల్దేరాలి. ప్రపంచం నలుమూలల నుంచి జనం లక్షలు పోసి వచ్చి చూసేది మనవాళ్ళకు పని చేసే ఊళ్ళోనే దొరుకుతున్నప్పుడు, ఆ సంగతి తెలియక షెడ్డులోనో, వంటగదిలోనో ఉండిపోవటం నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ ఇంటివాళ్ళు అక్కడుంటే ఈ తేదీ ఇప్పుడే చెప్పి పెట్టండి.

2028 జూలై 22, శనివారం నాటి గ్రహణం ఆస్ట్రేలియాను అడ్డంగా దాటి సిడ్నీ నగరం మీదుగా న్యూజిలాండ్‌కు వెళుతుంది. సిడ్నీలో మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మూడున్నర నిమిషాలకు పైగా చీకటి పడుతుంది. అక్కడది చలికాలం. ఎండ బాధ ఉండదు, ఇంటి పెరట్లోనే కుర్చీ వేసుకుని చూడవచ్చు. సిడ్నీలో కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులు ఎలాగూ ఏదో ఒక ఏడాది అక్కడికి వెళతారు కనుక, ఆ ప్రయాణాన్ని ఈ తేదీకి జరుపుకుంటే సరిపోతుంది. మెల్‌బోర్న్‌లో పిల్లలున్నవారు మాత్రం అక్కడ ఉండిపోకూడదు, ఆ నగరం దారికి బయట ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి లక్సర్ ఆరు నిమిషాల కంటే సిడ్నీ మూడున్నర నిమిషాలే మేలని నా అభిప్రాయం.

ఎక్కువ సేపు ఉండే గ్రహణమే గొప్పదని తేదీలు ఎంచుకోవటం సరికాదు. 21వ శతాబ్దంలో అన్నిటికంటే దీర్ఘమైన గ్రహణం 2009 జూలై 22న వచ్చింది, దాని నీడ మన దేశంలోనే సూరత్, వారణాసి, పట్నాల మీదుగా వెళ్ళింది. నడి వానాకాలం కావటంతో చాలా చోట్ల మబ్బు చాటున చీకటి మాత్రమే దక్కింది. నిమిషాల కంటే ముందు ఆ నెలలో ఆ చోట మబ్బు ఎంత ఉంటుందో చూడాలి. అలాగే కళ్ళద్దాల విషయంలో రాజీ పడకూడదు. పాక్షిక దశ సాగినంతసేపూ ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణపు కళ్ళద్దాలతోనే చూడాలి. పాత ఎక్స్-రే ఫిల్ములు, మసి పూసిన గాజు పనికిరావు. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలు మాత్రమే అద్దాలు తీసి చూడవచ్చు, నిజానికి తీసే చూడాలి, ఎందుకంటే అద్దాలతో కరోనా కనిపించదు. మొదటిసారి చూసేవారు ఫోన్ జేబులోనే ఉంచుకోవటం మంచిది. మా తమ్ముడు ట్రైపాడ్ సర్దుకుంటూనే ఒక నిమిషం పోగొట్టుకున్నాడు.

అరోరా: ఓపికకు దక్కేది

గ్రహణం ఏ సెకనుకు మొదలవుతుందో ఏళ్ళ ముందే తెలుస్తుంది. అరోరా విషయంలో రేపటి రాత్రి సంగతి కూడా గట్టిగా చెప్పలేం. సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల వైపు దిగి, వంద కిలోమీటర్లకు పైన ఉన్న పలచని గాలిని తాకినప్పుడు ఆక్సిజన్ ఆకుపచ్చగా, మరింత ఎత్తులో ఎర్రగా, నైట్రోజన్ ఊదారంగులో మెరుస్తాయి. ఆ కణాలు ఎప్పుడు, ఎంత వస్తాయన్నది సూర్యుడి చేతిలో ఉంది, మబ్బు తొలగుతుందా లేదా అన్నది వాతావరణం చేతిలో ఉంది. అందువల్ల అరోరా కోసం వెళ్ళేవారు ఒక రాత్రిని కాదు, కనీసం నాలుగు రాత్రులను కేటాయించుకోవాలి.

మేము మార్చిలో ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళాం. మొదటి రెండు రాత్రులూ మబ్బే. మూడో రాత్రి సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల చలిలో, ఊరికి దూరంగా గుట్ట మీద కారు ఆపుకుని నిలబడితే, పదకొండున్నరకు ఉత్తరాన లేత బూడిద రంగు చార ఒకటి కనిపించింది. వరికొయ్యలు కాల్చినప్పుడు పొలం మీద నిలిచే పొగలా ఉంది. ఇదేనా అని మొహమొహాలు చూసుకున్నాం. ఫోన్‌లో చూస్తే అదే చార పచ్చగా కనిపించింది. ఈ నిజాన్ని యాత్రలు అమ్మేవారు ముందుగా చెప్పరు. మందమైన అరోరాలో రంగును పట్టుకునే శక్తి కెమెరాకు ఉన్నంతగా మన కంటికి లేదు, ప్రకటనల్లోని పచ్చదనంలో చాలా భాగం కెమెరా పోగుచేసుకున్నదే. అయితే అర్ధరాత్రి దాటాక ఆ చార హఠాత్తుగా వెలిగి, నెత్తి మీదికి పాకి, గాలికి ఊగే పరదాలా అలలు అలలుగా కదలటం మొదలుపెట్టింది. అప్పుడు పచ్చదనం మా కళ్ళకే కనిపించింది, అంచున గులాబీ కూడా. పది నిమిషాల తరువాత మళ్ళీ పొగలా మారింది. ఆ పది నిమిషాల కోసం మూడు రాత్రులు చలిలో నిలబడటానికి నేను మళ్ళీ సిద్ధమే. అయినా గ్రహణం ముందు దీన్ని రెండో స్థానంలో ఎందుకు పెడుతున్నానంటే, అరోరాను చూస్తూ నేను ఆనందించాను, గ్రహణాన్ని చూస్తూ నేనెక్కడ నిలబడి ఉన్నానో నాకు మొదటిసారి అర్థమైంది. చంద్రుడు, సూర్యుడు, నా కాళ్ళ కింది నేల ఒకే గీత మీద ఉన్నాయన్నది పుస్తకంలో చదివిన సంగతిగా కాక, ఒంటికి తగిలిన సంగతిగా తెలిసింది.

చోటు ఎంపికలో చాలామంది ముందు ఐస్‌లాండ్ పేరే చెబుతారు. ఆ దేశం చాలా అందమైనదే. కానీ అక్కడి సముద్రపు మబ్బులు అరోరాకు పెద్ద అడ్డంకి. ఖండం లోపలి భాగంలో ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌లో, కెనడాలోని యెల్లోనైఫ్‌లో ఆకాశం తేటగా ఉండే రాత్రులు ఎక్కువ, చలి కూడా అంతే ఎక్కువ. యెల్లోనైఫ్‌లో నడి చలికాలంలో సున్నాకు దిగువన నలభై దాకా పడిపోవచ్చు. స్వీడన్‌లోని అబిస్కో కొండల చాటున ఉండటంతో చుట్టుపక్కల మబ్బు పట్టినా అక్కడ ఆకాశం విచ్చుకుంటుందని పేరు. నార్వేలోని ట్రోమ్సో పెద్ద ఊరు, కుటుంబంతో పగలు కాలక్షేపానికి వీలైనది, మబ్బు పట్టినప్పుడు మాత్రం కారులో దూరం వెళ్ళి తేట ఆకాశాన్ని వెతుక్కోవాలి. వేసవిలో ఈ చోట్లన్నిటా రాత్రి చీకటి పడదు కనుక సెప్టెంబరు నుంచి మార్చి చివరిదాకానే వెళ్ళాలి. నన్నడిగితే మార్చిని ఎంచుకోమంటాను. చలి కాస్త తగ్గుతుంది, విషువత్తు రోజుల చుట్టూ అరోరా మరింత చురుకుగా ఉంటుంది, పగలు కూడా చాలినంత ఉంటుంది.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవారికి ఇందులో ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసి, దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్‌కు వెళ్ళవలసిన పరిస్థితి ఉంటే, నార్వే, ఐస్‌లాండ్, ఈజిప్టు ఏవీ తేలిక కావు. అలాస్కా మాత్రం దేశంలోపలి ప్రయాణమే. అటువంటివారు క్రమాన్ని తిప్పి, అరోరానే ముందు చూసుకోవటం తెలివైన పని. అమెరికా ప్రధాన భూభాగం మీదికి సంపూర్ణ గ్రహణం తిరిగి వచ్చేది 2044 ఆగస్టులో, ఆ మరుసటి ఏడాది 2045 ఆగస్టు 12న కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా మరొకటి ఉంది.

సూర్యుడి చురుకుదనం 2024లో శిఖరానికి చేరి తగ్గుముఖం పట్టినా, దాన్ని చూసి తొందరపడి అప్పు చేసి వెళ్ళవలసిన పని లేదు. 65 నుంచి 70 డిగ్రీల అక్షాంశాల మధ్య, సూర్యుడి చక్రం అట్టడుగున ఉన్న ఏళ్ళలో కూడా అరోరా కనిపిస్తుంది. 2024 మే 10, 11 రాత్రుల్లో వచ్చిన మహా సౌర తుపానులాంటివి మాత్రం ఎప్పుడు వస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ రాత్రి హాన్లేలోని కెమెరాలకు కూడా ఆకాశంలో ఎర్రని కాంతి చిక్కింది.

హాన్లే, అంతకంటే ముందు మన పొలం గట్టు

లదాఖ్‌లోని హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ వేధశాల ఉంది. దాని 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహ సంబంధం ద్వారా బెంగుళూరు దగ్గరి హోసకోటె నుంచి నడుపుతారు. ఊరివాళ్ళు రాత్రిపూట కిటికీలకు మందపాటి తెరలు వేసుకుంటారు, బయట దీపాలు వెలిగించరు. వారిలో కొందరికి శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు అప్పగించారు కనుక, వెళ్ళినవారికి ఆకాశాన్ని వారే చూపిస్తారు.

అక్కడ నన్ను ముందుగా తికమక పెట్టింది చుక్కల సంఖ్య. చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్లలకోడిని, మంచపుకోళ్ళను గుర్తుపట్టటానికే కొంతసేపు పట్టింది. సెప్టెంబరు అమావాస్య రాత్రి ఎనిమిదింటికి పాలపుంత నెత్తి మీదుగా ఈ కొండ నుంచి ఆ కొండకు పరిచినట్టు ఉంది. దానిలో నల్లని చారలు, ముడులు వేటికవి విడివిడిగా కనిపించాయి.

అయితే హాన్లేకు ధర ఎత్తు రూపంలో కట్టాలి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, హాన్లే 4,200 మీటర్లు దాటుతుంది. మా మొదటి ప్రయాణంలో వాహనం మాట్లాడిన ఏజెంటు, రోజులు కలిసొస్తాయని చెప్పి లేహ్‌లో దిగిన మరునాడే మమ్మల్ని బయల్దేరదీశాడు. సింధు నది వెంట మాహే దాటేసరికి మాలో ఒకరికి తలపోటు, వాంతులు మొదలయ్యాయి. రాత్రి ఆకాశం సంగతి అటుంచి, ఆయన్ని మెల్లగా వెనక్కి తీసుకురావటమే సరిపోయింది. లేహ్‌లో కనీసం రెండు పూర్తి రోజులు కదలకుండా ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవారు వైద్యుడితో మాట్లాడకుండా టికెట్లు కొనకూడదు. సరిహద్దు ప్రాంతం కాబట్టి మనకు ఏ అనుమతి కావాలో ముందే కనుక్కోవాలి. విదేశీ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నవారికి నిబంధనలు వేరు, కనుక ముందుగానే లేహ్‌లో విచారించుకోవాలి. మా అమ్మ వయసువారికి నేను హాన్లేను సూచించను.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. పాలపుంత నడిబొడ్డు దక్షిణాకాశంలో ఉంటుంది. హాన్లే నుంచి చూస్తే అది దిక్చక్రానికి 28 డిగ్రీల పైకి మాత్రమే లేస్తుంది, మన తెలుగు నేల మీద 40 డిగ్రీలకు పైనే లేస్తుంది. అంటే పాలపుంతలో అత్యంత అందమైన భాగాన్ని చూడటానికి కోణం రీత్యా మన ఊళ్ళే మెరుగు. మనకు లేనిది చీకటీ, పొడిగాలీ. ఫిబ్రవరి నుంచి మే దాకా అమావాస్యకు ముందూ వెనకా నాలుగైదు రోజుల్లో, పట్నానికి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో దీపాలు లేని చోట తెల్లవారుజామున (ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి ప్రాంతంలో) నిలబడితే అది ఆగ్నేయాన కనిపిస్తుంది. కడప జిల్లా గండికోట వంటి రాతి నేలలు, ఎవరి ఊరికి వారు వెళితే వారి పొలం గట్టు ఇందుకు సరిపోతాయి. నల్లమల చీకటిగానే ఉంటుంది, కానీ పులుల రక్షిత ప్రాంతం కావటంతో అడవి దారిలో రాత్రి వాహనాలను అనుమతించరు.

ఇది ముందు చెయ్యమనటానికి కారణం ఖర్చు లేకపోవటం ఒక్కటే కాదు. చీకటిలో చూడటం కంటికి అలవాటు కావాలి. దీపం కానీ ఫోన్ తెర కానీ చూడకుండా ఇరవై ముప్ఫై నిమిషాలు ఉంటేనే కన్ను పూర్తిగా విచ్చుకుంటుంది. ఈ అలవాటు లేకుండా ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళినవారు మధ్యమధ్య ఫోన్ చూసుకుంటూ, సన్నని అరోరాను చూడలేక వెనక్కి వస్తున్నారు. పిల్లలకు దీన్ని నేర్పటానికి డిసెంబరు 13, 14 తేదీల రాత్రి వచ్చే జెమినిడ్ ఉల్కాపాతం మంచి సందర్భం. 2026లో డిసెంబరు 9నే అమావాస్య కనుక చంద్రుడు పెందలాడే అస్తమిస్తాడు, 2027లో అదే రాత్రి పున్నమి వెలుగు దాన్ని చాలావరకు మింగేస్తుంది.

ఇంకా ఎదురు చూస్తామనేవారికి

మన దేశంలోనే చూస్తామని, 2034 మార్చి 20 దాకా ఆగుతామని అనేవారు ఉన్నారు. ఆ రోజు సంపూర్ణ గ్రహణపు నీడ ఆఫ్రికా, అరేబియా, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా కశ్మీర్, లదాఖ్ ప్రాంతాలను తాకుతూ చైనాలోకి వెళుతుంది. మాట వరకు దగ్గరే. కానీ మార్చిలో అక్కడి కొండదారుల్లో మంచు ఇంకా తొలగి ఉండదు, గ్రహణం సాయంత్రం వేళ కాబట్టి సూర్యుడు వాలిపోయి ఉంటాడు, పడమటి కొండ అడ్డువస్తే అంతే సంగతులు. యాభై ఏళ్ళు దాటినవారు, ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు దాన్ని నమ్ముకుని జెడ్డానూ, లక్సర్‌నూ, సిడ్నీనీ వదులుకోవద్దని నా సలహా. మా ఇంట్లో 2028 జూలైకి సిడ్నీ వెళ్ళాలని అనుకున్నాం. మా పిన్ని కూతురు అక్కడ ఉంటుంది. అమ్మ కూడా వస్తానంది, పట్టు స్నానానికి వేడినీళ్ళ ఏర్పాటు ఉంటుందా అని మాత్రం కనుక్కోమంది.